ఖరగ్‌పూర్: వచ్చి వెళ్లేవారు, ఉండిపోయేవారు

ఐఐటీ సహాధ్యాయుల స్వర్ణోత్సవ కలయికకు ముందు పదవీ విరమణ కబుర్లు దేశదేశాల నుంచీ వస్తాయి. అదే ఊళ్లోని తెలుగు రైల్వే కుటుంబాలకు మాత్రం రిటైర్మెంట్ కబురు కాదు. ఇక ఇల్లెక్కడ అన్న ప్రశ్న.

పోటీ పరీక్షల కోసం జనరల్ నాలెడ్జి బట్టీపట్టిన ఒక తరం తెలుగువాళ్లకు ఖరగ్‌పూర్ ఊరు కాదు, ఒక జవాబు. ప్రపంచంలోకెల్లా పొడవైన రైల్వే ప్లాట్‌ఫారం ఎక్కడుంది అన్న ప్రశ్నకు జవాబు. 1,072.5 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం దశాబ్దాల పాటు ఆ కిరీటం పెట్టుకుంది. 2013లో గోరఖ్‌పూర్ 1,366 మీటర్లతో దాన్ని లాక్కుంది. 2023లో హుబ్బళ్లి 1,507 మీటర్లతో గోరఖ్‌పూర్‌నూ వెనక్కి నెట్టింది. గైడ్ల నుంచి పేరు పోయినా ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం ఒక్క అంగుళం కురచ కాలేదు. పెట్టె మోసుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలంటే ఇప్పటికీ పావుగంట. హౌరా వైపు, మద్రాసు వైపు, ముంబై వైపు వెళ్లే రైళ్లు ఇప్పటికీ ఆగుతాయి. ఇక్కడి ఆలూ దమ్‌కు గిరాకీ ఇప్పటికీ తగ్గలేదు. పదవి దిగిపోయినా పని మానని పెద్దమనిషిలా ఉంటుంది ఆ ప్లాట్‌ఫారం.

పదవి దిగిపోయిన మనుషులు ఖరగ్‌పూర్‌లో రెండు రకాలు. ఒక రకం ఏడాదికోసారి, ఎక్కువగా జనవరిలో, పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి ఐఐటీకి వస్తారు. మూడు రోజులుండి, తాము చదివిన రోజులు తలుచుకుని, ఫొటోలు దిగి వెళ్లిపోతారు. రెండో రకం ఎక్కడికీ వెళ్లరు. ముత్తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చి రైల్వే కర్మాగారం చుట్టూ స్థిరపడ్డ కుటుంబాలు వారివి. ఐఐటీకీ రైల్వే కాలనీకీ మధ్య దూరం అయిదారు కిలోమీటర్లే. కానీ పదవీ విరమణ అనే ఒక్క మాటకు ఈ రెండు చోట్లా అర్థాలు వేరు.

ఐఐటీ కథతోనే మొదలుపెట్టాలి. 1976లో ఇక్కడ బీటెక్ పట్టా పుచ్చుకున్నవాళ్లకు 2026 స్వర్ణోత్సవ సంవత్సరం. ఇలాంటి కలయికలకు ముందు సహాధ్యాయుల మధ్య కబుర్లు జోరందుకుంటాయి. ఎవరెక్కడున్నారు, ఏం చేస్తున్నారు, ఎవరొస్తున్నారు. ఆ కబుర్లు వయసును బట్టి మారతాయి. పాతికేళ్ల కలయికకు వచ్చేవి పదోన్నతులు, విదేశీ ఉద్యోగాలు, పిల్లల ర్యాంకులు. నలభై ఏళ్ల కలయిక నాటికి పదవీ విరమణలు మొదలవుతాయి. ఫలానా వాడు కంపెనీ వదిలేశాడు, ఫలానా వాడు ఊళ్లో ఇల్లు కట్టుకున్నాడు, ఫలానా వాడికి మోకాలి ఆపరేషన్. యాభై ఏళ్లకు అందరూ ముందుగా వెతికేది వచ్చేవాళ్ల జాబితా కాదు, ఇక రాలేనివాళ్ల జాబితా.

ఒకే రోజు పట్టా తీసుకున్నవాళ్లు ఒకే రోజు రిటైర్ కారు. 1954లో పుట్టినవాళ్లనే చూడండి. రాష్ట్ర ప్రభుత్వంలో ఇంజనీరైనవాడు 58 ఏళ్లకు, 2012లో ఇంటికొచ్చేశాడు. ఆంధ్రప్రదేశ్ ఆ వయసును 2014లో 60కి, 2022లో 62కి పెంచింది. తెలంగాణ 2021లో 61 చేసింది. ఆ లాభం తర్వాతివాళ్లకే. 1983లో ఎన్టీఆర్ ఒక్క కలంపోటుతో 58ని 55 చేసినప్పుడు అదే ఇంజనీరు ఉద్యోగంలో కుదురుకుంటున్న కుర్రవాడు. ఉక్కు కర్మాగారంలోనో మరో ప్రభుత్వరంగ సంస్థలోనో చేరినవాడు 60 ఏళ్లకు, 2014లో బయటికొచ్చాడు. ఐఐటీలోనే ప్రొఫెసరైనవాడికి 65 దాకా, అంటే 2019 దాకా గడువుంది. అమెరికా వెళ్లినవాడికి ఆ గీతే లేదు. అక్కడ 1986 చట్ట సవరణతో చాలా ఉద్యోగాల్లో నిర్బంధ విరమణ వయసు రద్దయింది. అందుకే డెబ్బయి దాటినా ఇంకా ఆఫీసుకు వెళుతున్న ఒకరిద్దరు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. వాళ్లను చూసి మిగతావాళ్లు జాలిపడాలో అసూయపడాలో తేల్చుకోలేరు.

1971లో ఈ బ్యాచ్ వచ్చేనాటికి బీటెక్ అయిదేళ్ల చదువు. కోస్తా జిల్లాల కుర్రాళ్లకు దారి ఒకటే. విజయవాడలోనో రాజమండ్రిలోనో వాల్తేరులోనో హౌరా మెయిల్ ఎక్కడం, పొడవాటి ప్లాట్‌ఫారంపై ఇనప ట్రంకుపెట్టెతో దిగడం, సైకిల్ రిక్షాలో పురీ గేటు మీదుగా క్యాంపస్ చేరడం. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ 1977 మార్చిలో గానీ మొదలుకాలేదు. అప్పటికి ఆ బ్యాచ్ వెళ్లిపోయింది.

వాళ్లు చేరిన చోటుకు కూడా ఒక చరిత్ర ఉంది. హిజ్లీ నిర్బంధ శిబిరం బ్రిటిష్‌వాళ్లు రాజకీయ ఖైదీల కోసం పెట్టింది. 1931 సెప్టెంబర్ 16న అక్కడ నిరాయుధులైన ఖైదీలపై పోలీసులు కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. ఆ ఘాతుకాన్ని రవీంద్రనాథ్ టాగోర్ బహిరంగంగా ఖండించారు. స్వాతంత్య్రం వచ్చిన నాలుగేళ్లకు, 1951 ఆగస్టులో, ఆ జైలు భవనంలోనే దేశపు తొలి ఐఐటీ తరగతులు మొదలయ్యాయి. మౌలానా ఆజాద్ ప్రారంభించారు. తొలి ఏడాది విద్యార్థులు 224 మంది, అధ్యాపకులు 42 మంది. 1956లో తొలి స్నాతకోత్సవానికి నెహ్రూ వచ్చారు. ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు భౌతిక శాస్త్రం చదివింది ఇక్కడే. 1969లో పట్టా తీసుకుని, 1972 ఐఏఎస్‌లో దేశంలోనే మొదటివాడై, 2008 నుంచి 2013 దాకా రిజర్వు బ్యాంకు గవర్నర్‌గా పనిచేశారు.

1971 నుంచి 1976 దాకా గడిచిన అయిదేళ్లు దేశానికి తీరిక లేని కాలం. మొదటి ఏడాదే డిసెంబర్‌లో బంగ్లాదేశ్ యుద్ధం. పక్కనే కలైకుండా వైమానిక స్థావరం. 1965 యుద్ధంలో పాకిస్తాన్ విమానాలు దాడి చేసిన స్థావరం అదే. చుట్టుపక్కల మేదినీపూర్ జిల్లాలో డెబ్రా, గోపీవల్లభ్‌పూర్ నక్సలైట్ పోరాటాల వేడి ఇంకా చల్లారలేదు. 1974 మేలో రైల్వే సమ్మె. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ. ఇవన్నీ గోడ బయట జరిగాయి. గోడ లోపల చదువు, పరీక్షలు, హాళ్ల మధ్య పోటీలు సాగాయి. ఇక్కడ హాస్టల్ అనరు, హాల్ అంటారు. పటేల్, ఆజాద్, నెహ్రూ హాళ్ల పేర్లు వింటే డెబ్బయ్యేళ్లవాళ్లు కూడా గొంతు చించుకుని 'టెంపో' కేకలు వేస్తారు. దీపావళి రాత్రి హాళ్లలో కరెంటు దీపాలు ఆర్పి, నిలువెత్తు వెదురు చట్రాలపై వేలాది ప్రమిదలు వెలిగించే 'ఇల్యూమినేషన్' ఇప్పటికీ ఈ క్యాంపస్ ప్రత్యేకత.

అయిదేళ్లున్నా ఆ విద్యార్థుల్లో చాలామందికి ఊరంటే గోల్ బజారు, ఒకటి రెండు సినిమా హాళ్లు, రైల్వే స్టేషను. ఊళ్లోకి వెళ్లిన తెలుగు కుర్రాడికి మాత్రం ఒక ఆశ్చర్యం ఎదురయ్యేది. బెంగాల్ నడిబొడ్డున, ఇంటి యాసలో ఎవరో ఎవర్నో కేకేస్తుండేవారు.

ఆ కేక అక్కడికి రైలెక్కి వచ్చింది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, అంటే బీఎన్ఆర్, పంతొమ్మిదో శతాబ్దం చివర ఖరగ్‌పూర్‌ను జంక్షన్‌గా చేసుకుంది. 1900లో రూప్‌నారాయణ్ నదిపై వంతెనతో హౌరాకు దారి పడింది. విజయవాడ నుంచి కటక్ దాకా సముద్రం వెంట వేసిన ఈస్ట్ కోస్ట్ లైన్ ఉత్తర భాగం 1902లో బీఎన్ఆర్ చేతికొచ్చింది. ఎర్రమట్టి గుట్టల మీద కర్మాగారం లేచింది. దాని చుట్టూ హోదాల వారీగా బంగళాలు, వరుస క్వార్టర్లు. ఇందాలో ఖరగేశ్వర శివాలయం ఉన్న పల్లెకు ఇప్పుడు వేల మంది పనివాళ్లు కావాలి. ఆనాటి విశాఖపట్నం, గంజాం జిల్లాల్లో కరువు కాటకాలు, చాలీచాలని కూలి. అప్పట్లో ఉత్తరాంధ్ర కూలీకి రెండు దార్లు. ఓడెక్కితే రంగూన్, రైలెక్కితే ఖరగ్‌పూర్. రంగూన్ వెళ్లినవాళ్లలో చాలామంది రెండో ప్రపంచ యుద్ధంలో ప్రాణాలు అరచేత పట్టుకుని తిరిగొచ్చారు. ఖరగ్‌పూర్ వెళ్లినవాళ్లు ఉండిపోయారు. పట్టాలు వేసే గ్యాంగుల్లో, బాయిలర్ల దగ్గర, పోతపని కొలుముల దగ్గర, పారిశుద్ధ్య పనిలో తెలుగువాళ్లు కుదురుకున్నారు. మథురాకాటి, నిమ్‌పురా వంటి పేటలు తెలుగు పేటలయ్యాయి. పక్కనే బెంగాలీలు, ఒడియాలు, బీహారీలు, పంజాబీలు, తమిళులు. ఊరికి 'మినీ ఇండియా' అని పేరొచ్చింది. ఈ బెంగాలీ రాష్ట్రంలో 2016 దాకా ఖరగ్‌పూర్ సదర్‌కు ఎమ్మెల్యేగా ఉన్న 'చాచా' జ్ఞాన్ సింగ్ సోహన్‌పాల్ సిక్కు. ధోనీ క్రికెట్ కెప్టెన్ కాకముందు 2001 నుంచి టిక్కెట్లు తనిఖీ చేసిందీ ఈ స్టేషన్‌లోనే.

ఊరి కార్మిక చరిత్రలో ఒక పేరు తెలుగువాళ్లు మరిచిపోకూడనిది. 1927లో కోతలకు వ్యతిరేకంగా ఖరగ్‌పూర్ కర్మాగారం అట్టుడికింది. ఆ కాలంలో బీఎన్ఆర్ కార్మికులను నడిపించిన నాయకుల్లో బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి ఒకరు. నలభై ఏళ్ల తర్వాత ఆయనే రాష్ట్రపతి. 1974 మే 8న దేశవ్యాప్త రైల్వే సమ్మె మొదలై, అరెస్టులు, ఉద్యోగాల తొలగింపుల మధ్య మే 27న ముగిసినప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది గిరే. పట్టాల పక్క తెలుగు పేటల్లో ఆ ఇరవై రోజులు పొయ్యి వెలిగిన ఇళ్లు ఎన్ని, వెలగనివెన్ని అని లెక్క రాసినవారు లేరు. అప్పుడు ఐఐటీలో మూడో ఏడాది చదువుతున్న బ్యాచ్‌కు మాత్రం ఆ సమ్మె సెలవులకు ఇంటికెళ్లే రైలు దొరకని ఇబ్బందిగా గుర్తుండి ఉంటుంది.

అదే 1954లో పుట్టి, ఐఐటీకి బదులు కర్మాగారంలో చేరిన తెలుగు కుర్రాడి పదవీ విరమణకు కబురు అక్కర్లేదు. చేరిన రోజునే సర్వీసు రిజిస్టర్‌లో తేదీ రాసి ఉంటుంది. 1998 దాకా 58 ఏళ్లు, ఆ తర్వాత 60. పుట్టిన నెల చివరి రోజు ఉద్యోగానికీ చివరి రోజు. ఒకటో తేదీన పుట్టినవాళ్లయితే అంతకుముందు నెల చివరి రోజు. పుట్టినరోజు తెలియని పిల్లలకు బడిలో మేష్టారు జూలై 1 వేసేసిన కాలం అది. అందువల్ల జూన్ 30న దండలు మెడలో పడేవాళ్లు కాస్త ఎక్కువగానే ఉంటారు. కలిసి అప్రెంటిస్ చేసి, ఒకే షాపులో ముప్పయి అయిదేళ్లు పనిచేసినవాళ్లు నెలకొకరు చొప్పున వెళ్లిపోతారు. చివరి రోజున పెన్షన్ కాగితాలు, పీఎఫ్ లెక్క చేతికిస్తారు. రైల్వే భాషలో దాన్ని 'సెటిల్‌మెంట్' అంటారు. తోటివాళ్లు దండ వేసి, మిఠాయి పంచి, ఇంటిదాకా సాగనంపుతారు.

ఆ ఇల్లే సమస్య. అది రైల్వే క్వార్టరు. రిటైరైన ఉద్యోగి మామూలు అద్దెకు నాలుగు నెలలు ఉండొచ్చు. అనారోగ్యమో పిల్లల చదువో కారణం చూపితే రెట్టింపు అద్దెకు మరో నాలుగు నెలలు. అది దాటితే జరిమానా అద్దె. క్వార్టరు అప్పగించేదాకా గ్రాట్యుటీ ఆపుతారు. నిబంధనలో తప్పేమీ లేదు. వెనక వచ్చేవాడికి ఇల్లు కావాలి. కానీ అదే క్వార్టర్ల వరుసలో పుట్టి, అక్కడే పెళ్లిచేసుకుని, అక్కడే పిల్లల్ని పెంచినవాడికి నాలుగు నెలల్లో తేల్చుకోవాల్సిన ప్రశ్న చిన్నది కాదు. సొంతూరు ఏది?

పెద్దలు చెప్పిన సొంతూరు శ్రీకాకుళం జిల్లాలో ఉంటుంది. కొన్ని కుటుంబాలకు అక్కడ ఇంకా వాటా ఉంది. పెళ్లి సంబంధాలకు, చావులకు, పండగలకు రాకపోకలున్నాయి. రైల్వే పాసు ఉన్నంతకాలం ఆ బంధం నిలిచింది. రిటైరయ్యాకా కొన్ని పాసులు వస్తాయి. కానీ నాలుగు తరాల్లో భూమి ముక్కలై, మిగిలిన పెంకుటింట్లో దాయాదులుంటారు. అక్కడికి వెళితే 'ఖరగ్‌పూర్ వాళ్లొచ్చారు' అంటారు. ఇక్కడేమో బెంగాలీలకు వీళ్లు తెలుగువాళ్లు. అందుకే చాలామంది లెక్కచూసుకుని ఖరగ్‌పూర్‌కే ఓటేస్తారు. ఆ లెక్కలో మొదటి అంశం రైల్వే ఆస్పత్రి. రిటైరైన ఉద్యోగికీ జీవిత భాగస్వామికీ అక్కడ వైద్యం దొరుకుతుంది. అరవై దాటినవాళ్లకు అంతకంటే గట్టి కారణం వేరే అక్కర్లేదు. రెండోది స్నేహితులు. ఊరి మధ్య భూమి చాలావరకు రైల్వేది కాబట్టి కొనడానికి లేదు. మాలంచ, తాల్‌బాగిచా, ఇందా వైపు జాగా కొని, పీఎఫ్ డబ్బుతో రెండు గదులు వేసుకుంటారు. క్వార్టరు నుంచి సామాను తరలించేది రెండు మూడు కిలోమీటర్లే. దాంతో నాలుగు తరాల వలస ముగిసినట్టు లెక్క.

తర్వాతి తరానికి ఆ వెసులుబాటూ లేదు. 2004 జనవరి 1 తర్వాత చేరినవాళ్లకు పాత పెన్షన్ లేదు. కొత్త పెన్షన్ పథకంలో ఉన్నవాళ్లకు 2025 ఏప్రిల్ నుంచి ఏకీకృత పథకం ఎంచుకునే వీలొచ్చింది. తండ్రి ముందుగా రిటైరైతే కొడుక్కి ఉద్యోగమిచ్చే పథకం కొన్ని భద్రతా విభాగాల్లో 2004లో మొదలైంది. హైకోర్టు తప్పుపట్టాక ఆగిపోయింది. ఒకప్పుడు తాత, తండ్రి, కొడుకు ఒకే గేటులోంచి డ్యూటీకి వెళ్లిన ఊరిది. ఇప్పుడు ఆ మనవలు ఉద్యోగాల కోసం విశాఖపట్నం, హైదరాబాద్, బెంగళూరు దారి పడుతున్నారు. ఐఐటీ కుర్రాళ్లు దిగిన ప్లాట్‌ఫారం మీదే వీళ్లు రైలెక్కుతున్నారు.

వీళ్లకూ ఒక కలయిక ఉంది. దానికి ఆహ్వాన పత్రికలు, రిజిస్ట్రేషన్ రుసుము ఉండవు. ఎండలు ముదిరే రోజుల్లో తెలుగు పేటల్లో మాతా పూజలు జరుగుతాయి. ఉత్తరాంధ్ర గ్రామదేవతల జాతర్ల వరసే. ఆడవాళ్లు ఘటాలు నెత్తిన పెట్టుకుని డప్పుల మోతలో వీధులు తిరుగుతారు. వేరే ఊళ్లలో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు సెలవు పెట్టి వస్తారు. ఆంధ్రా హైస్కూల్లో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్లు అక్కడ కలుసుకుంటారు. ఎవరు రిటైరయ్యారు, ఎవరు ఇల్లు కట్టారు, ఎవరికి షుగరొచ్చింది అన్న కబుర్లు ఐఐటీ అతిథి గృహంలో మాదిరే ఇక్కడా సాగుతాయి. భాష మాత్రం వేరు. సిక్కోలు తెలుగులో బంగ్లా, హిందీ మాటలు కలగలిసి పోతాయి.

ఆ భాషకు గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును అధికార భాషల్లో చేర్చాలని నిర్ణయించింది. హిందీ, ఉర్దూ, నేపాలీ, ఒడియా, పంజాబీ, సంతాలీ అంతకుముందే ఆ జాబితాలో ఉన్నాయి. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల చిరకాల కోరిక అది. నాలుగు నెలల్లో అసెంబ్లీ ఎన్నికలున్నాయన్న సంగతి ఎవరూ మరిచిపోలేదు. అయినా 2011 లెక్కల ప్రకారం రెండు లక్షల పైచిలుకు జనాభా ఉన్న మునిసిపాలిటీలో శతాబ్దానికి పైగా బతికినవాళ్లకు, మీరూ ఇక్కడివాళ్లే అని ప్రభుత్వం కాగితం మీద చెప్పడం చిన్న విషయం కాదు. అయితే కాగితం మీది భాష నిలవాలంటే బడిలో పిల్లలుండాలి. రైల్వే కొలువు మీద ఆశ తగ్గిన తల్లిదండ్రులు ఇంగ్లిష్ మీడియం వైపు చూస్తున్నారు. తెలుగు చదివే పిల్లలకు అంతకంటే పెద్ద పోటీ లేదు.

స్వర్ణోత్సవానికి వచ్చే ఐఐటీ పెద్దల్లో చాలామంది ఇప్పుడు రైలు దిగరు. కోల్‌కతా విమానాశ్రయంలో దిగి, కారులో జాతీయ రహదారి మీదుగా చౌరంగీ కూడలి దాటి నేరుగా క్యాంపస్‌లోకి వెళతారు. పాత హాల్ గది తలుపు తట్టి, అందులో ఉన్న కుర్రాడితో ఫొటో దిగుతారు. హిజ్లీ పాత భవనం ముందు నిలబడతారు. బ్యాచ్ తరఫున సంస్థకు ఏదో ఒక విరాళం ప్రకటిస్తారు. వీలు చూసుకుని ఊళ్లోకి వెళ్లేవాళ్లూ ఉంటారు. సైకిల్ రిక్షాల చోట టోటోలు వచ్చాయి. గోల్ బజారు ఉంది. తెలుగు వినబడే వీధులూ ఉన్నాయి. ఆ పేటల్లోని అరుగుల మీద కూర్చునే పెద్దవాళ్లది వాళ్ల వయసే. ఒకే కాలంలో ఒకే ఊళ్లో కుర్రతనం గడిపినా, వాళ్లకు వీళ్లెవరో తెలియదు. తెలుసుకోవడానికి ఒక సాయంత్రం చాలు. మూడు రోజుల కార్యక్రమంలో ఆ సాయంత్రానికి చోటు దొరకడమే కష్టం.

జనవరి సమ్మేళనం ముగిసి అతిథి గృహాలు ఖాళీ అయిన కొద్ది రోజులకే నెల చివరి పనిదినం వస్తుంది. కర్మాగారం గేటు దగ్గర కొందరి మెడలో బంతిపూల దండలు పడతాయి. మరునాటి నుంచి వాళ్ల నాలుగు నెలల లెక్క మొదలవుతుంది.